పబ్లిషర్ వద్దన్న రిస్కు మీ ఇల్లు మోయగలదా?

ప్రశ్న: నా వయసు 36. పదేళ్లుగా ఒక గేమ్ స్టూడియోలో ప్రోగ్రామర్‌ని. మూడేళ్లు రాత్రిళ్లు కూర్చుని సొంతంగా ఒక గేమ్ ప్రోటోటైప్ చేశాను. మతిమరుపు ముదురుతున్న ఒక పెద్దావిడ పాత్రలో ఆడాలి. ఆమెకి ఏది గుర్తుంటే మ్యాప్‌లో అదే ఉంటుంది. కాల్పులు లేవు, స్కోరు లేదు. గేమ్‌లకి డబ్బు పెట్టి మార్కెట్‌లోకి తెచ్చే పబ్లిషర్లు ఏడుగురికి చూపించాను. అందరూ బాగుందన్నారు, ఎవరూ డబ్బు పెట్టలేదు. ఒకరు మాత్రం, నలుగురు కలిసి ప్రాణాలు నిలుపుకుంటూ ఆడే సర్వైవల్ గేమ్‌గా మారిస్తే అడ్వాన్స్ ఇస్తామని, నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమన్నారు. మా దగ్గర 26 నెలల ఇంటి ఖర్చుకి సరిపడా పొదుపు ఉంది. రిటైర్‌మెంట్ డబ్బు వేరే. ఇంటి లోను నడుస్తోంది. మా ఆవిడ జీతం ఇంటి ఖర్చులో 60 శాతానికి వస్తుంది. నేను 18 నెలలు ఫుల్‌టైమ్ కూర్చుంటే గేమ్ పూర్తవుతుంది. ఆర్ట్‌కీ మ్యూజిక్‌కీ బయటివాళ్లకి ఇవ్వాల్సింది ఇంకో 10 నెలల ఇంటి ఖర్చంత. ఒక స్నేహితుడు అప్పు ఇస్తానంటున్నాడు. ఉద్యోగం మానేసి, అవసరమైతే రిటైర్‌మెంట్ డబ్బు కూడా తీసి పెట్టేయనా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: రిటైర్‌మెంట్ డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను: వద్దు. మిగతా దానికి ఇంత పొట్టి జవాబు లేదు.

ఏడుగురు కాదన్నారంటే మీ గేమ్ బాగాలేదని కాదు. అలాగని వాళ్లకి దమ్ము లేదనీ కాదు. పబ్లిషర్ ఆఫీసులో మీ గేమ్ మీద సంతకం పెట్టాల్సిన మనిషి స్థానంలో ఒకసారి కూర్చుని చూడండి. ఇలాంటి గేమ్‌లు ఇంతకుముందు ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో చూపించమని పైవాళ్లు అడుగుతారు. మీ గేమ్ విషయంలో వాళ్ల షీటులో ఆ గడి ఖాళీ. అలవాటైన తరహా గేమ్ తీసుకుని అది మునిగితే మార్కెట్ బాగాలేదంటారు. మీది తీసుకుని మునిగితే మాత్రం "దీన్ని తెచ్చిందెవరు?" అని అడుగుతారు. నెల జీతం మీద బతికే మనిషి ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద కంపెనీల దగ్గర ఈ జంకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఖర్చు అలా పెరిగింది. మైక్రోసాఫ్ట్ మీద అమెరికాలో వ్యాపార పోటీని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నడిపిన కేసులో, 2023లో, సోనీ ఇచ్చిన కాగితాల్లో దాచాల్సిన అంకెల మీద నల్ల మార్కర్ సరిగ్గా పడలేదు. అలా బయటపడ్డ లెక్క ప్రకారం 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కి 21.2 కోట్ల డాలర్లు అయ్యాయి. ఒక్క గేమ్ మీద అంత పెట్టేవాళ్లు సీక్వెల్ వైపు చూడటంలో వింతేమీ లేదు. తమాషా ఏమిటంటే, తెలిసిన దారిలో వెళ్లినా గ్యారంటీ లేదు. ఒక్కో పాత్రకి ఒక్కో ప్రత్యేక శక్తి ఉండే, జనానికి బాగా అలవాటైన హీరో షూటర్ తరహాలో సోనీ 2024 ఆగస్టు 23న 'కాంకర్డ్' విడుదల చేసింది. సెప్టెంబర్ 6కల్లా అమ్మకం ఆపేసి, కొన్నవాళ్లకి డబ్బు వాపసిచ్చింది. దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ 'హైఫై రష్'ది. కొత్త తరహా గేమ్, అందరూ మెచ్చుకున్నారు. అయినా దాన్ని చేసిన టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2024 మేలో ప్రకటించింది. తర్వాత కొరియా గేమ్ కంపెనీ క్రాఫ్టన్ ఆ స్టూడియోని తీసుకుంది కాబట్టి సరిపోయింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, పబ్లిషర్ చేతిలో ఒకేసారి చాలా గేమ్‌లుంటాయి. కొన్ని పోతాయని ముందే లెక్క వేసుకుని, ఆడిన ఒకటి రెండింటితో మిగతావాటి నష్టం పూడ్చుకుంటారు. అలాంటివాళ్లు కూడా మీ గేమ్ భారం వద్దన్నారు. మీకున్నది ఒక్క గేమ్, ఒక్క ఇల్లు. వాళ్ల తీర్పు తప్పే అయినా, వాళ్లు వదిలేసిన రిస్కుని మీరొక్కరే మొత్తంగా ఎత్తుకోవడం వేరే సంగతి.

ఇప్పుడు మీ లెక్క. డబ్బుని నేను నెలల్లోనే కొలుస్తాను, మీరూ అలాగే రాశారు, సంతోషం. ఉద్యోగం మానేస్తే ఇంటికి నెలకి 40 శాతం తక్కువ పడుతుంది. 18 నెలలకి అది 7.2 నెలల ఖర్చు. బయటివాళ్లకి 10. మొత్తం 17.2. మీ దగ్గర 26 ఉన్నాయి కాబట్టి ధీమాగా ఉన్నారు. కానీ అనుకున్న తేదీకి పూర్తయిన గేమ్‌లు మీ స్టూడియోలో ఈ పదేళ్లలో ఎన్ని చూశారు? నేను ఇలాంటి ప్లాన్ ఏది వచ్చినా సమయాన్నీ ఖర్చునీ ఒకటిన్నర రెట్లు చేసి చూస్తాను. అప్పుడు 27 నెలలు, 25.8 నెలల ఖర్చు. అంటే విడుదల రోజుకి మీ పొదుపు సున్నా. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక నెల అమ్మకాల డబ్బు మర్నాడే చేతికి రాదు, వచ్చే నెల చివర దాకా ఆగాలి. ఆ మధ్యలో లోను కిస్తీ ఆగదు.

కాబట్టి 26లోంచి 9 నెలల ఖర్చు పక్కన పెట్టేయండి. 6 సరిపోవా అంటారేమో. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఆ ఒక్కటీ ఆగిపోవచ్చు. పైగా 2023, 2024లలో గేమ్ పరిశ్రమలో వేలమంది ఉద్యోగాలు పోయాయి, తిరిగి వెళ్దామనుకున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుందని చెప్పలేం. మిగిలేది 17. అదే ఒకటిన్నర రెట్ల లెక్కతో చూస్తే, 12 నెలల్లో చేయగలనని మీరనుకునే, బయటివాళ్ల ఖర్చు కూడా అదే పాళ్లలో తగ్గే గేమ్‌కి 17 నెలల ఖర్చు దాదాపు సరిపోతుంది. 18 నెలల గేమ్‌కి సరిపోదు. పొదుపుని పెంచలేరు గనుక గేమ్‌ని కుదించండి. పెద్దావిడ ఊరంతా తిరగక్కర్లేదు, ఒక ఇల్లూ ఒక వీధీ చాలేమో చూడండి. అది మీ పని, నాకు తెలియదు.

డబ్బు ఎక్కువుంటే ఈ కుదింపు తప్పేదని అనుకోకండి. 2012లో డబుల్ ఫైన్ స్టూడియో, జనం నుంచి డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకి పైగా వచ్చాయి. డబ్బుతోపాటు గేమూ పెరిగి, ఆ డబ్బు కూడా చాలక, 'బ్రోకెన్ ఏజ్'ని రెండు భాగాలుగా విడుదల చేయాల్సి వచ్చింది. టోబీ ఫాక్స్ అక్కడే 'అండర్‌టేల్'కి అడిగింది 5 వేల డాలర్లు, వచ్చింది 51 వేలు. 2015లో గేమ్ బయటికొచ్చింది. అది ఎంత వింత గేమో మీకు నేను చెప్పాలా? 'స్టార్‌డ్యూ వ్యాలీ' గురించి కూడా మీరు ఎలాగూ అంటారు కాబట్టి: ఆ హిట్ గేమ్‌ని ఎరిక్ బరోన్ నాలుగేళ్లకి పైగా ఒక్కడే చేశాడు, ఆ రోజుల్లో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేశాడు, ఇంటి ఖర్చుకి ఆయన సహచరి ఆదుకుంది. బొమ్మలు, సంగీతం కూడా ఆయనే చేసుకున్నాడు. మీరు రాసిన 10 నెలల ఖర్చు ఆయన లెక్కలో లేదు. అలా నాలుగేళ్లు కూర్చుని ఏమీ మిగలనివాళ్ల పేర్లు మనదాకా రావు.

రాజీనామాకి ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఇది చాలామంది మర్చిపోతారు. మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా చేసిన ప్రతిదీ, సొంత సమయంలో చేసినా సరే, కంపెనీదేనని కొన్ని స్టూడియోలు రాసుకుంటాయి. మూడేళ్ల రాత్రిళ్ల పని అలాంటి వాక్యం కిందకి వస్తే, ఏ పబ్లిషరూ సంతకం పెట్టడు, పెట్టినా రేపు గొడవ. లాయర్‌కి ఇచ్చే ఫీజు ఈ మొత్తంలో లెక్కలోకి రాదు. హక్కు మీదేనని రాతపూర్వకంగా తేలాకే మిగతావి.

తేలాక, ఉద్యోగంలో ఉంటూనే స్టీమ్‌లో పేజీ పెట్టండి. ఫీజు 100 డాలర్లు, అమ్మకాలు 1000 డాలర్లు దాటితే అదీ తిరిగొస్తుంది. 20 నిమిషాల డెమో చేసి, రాబోయే గేమ్‌ల డెమోలు జనం ఆడి చూసే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌కి పంపండి. అది ఏడాదికి మూడుసార్లు జరుగుతుంది, కానీ ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, తొందరపడి సగం ఉడికిన డెమో పెట్టకండి. ఎంతమంది విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొందామనుకునే జాబితాలో, పెట్టుకున్నారో, డెమోని చివరిదాకా ఎంతమంది ఆడారో చూశాక రాజీనామా గురించి మాట్లాడుకుందాం. పబ్లిషర్ షీటులో ఖాళీగా ఉన్న గడి నిండేది కూడా ఈ అంకెలతోనే. అదే ఏడుగురిలో ఇద్దరైనా మళ్లీ ఫోన్ ఎత్తొచ్చు.

సర్వైవల్ గేమ్ ఆఫర్‌ని అవమానంగా తీసుకోకండి, మీ గేమ్‌కి దారిగానూ చూడకండి. అది ఒక కాంట్రాక్టు పని. అలా చూస్తే అడ్వాన్స్ మీ జీతానికి సమానమో కాదో తేలిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. అడ్వాన్స్ 100 అనుకోండి. స్టీమ్ సాధారణంగా 30 శాతం తీసుకుంటుంది. మిగిలిన 70లో మీకూ పబ్లిషర్‌కీ చెరి సగం అనుకోండి. పబ్లిషర్ తన అడ్వాన్స్‌ని మొత్తం 70లోంచి రాబట్టుకుంటే, అమ్మకాలు 143 దాటగానే మీకు రాయల్టీ మొదలవుతుంది. కేవలం మీ వాటా 35లోంచే రాబట్టుకుంటే 286 దాకా మీకు పైసా రాదు. మార్కెటింగ్ ఖర్చు కూడా అందులో కలిపితే ఇంకా దూరం. కాగితం మీద రెండిటిలోనూ 50 శాతం అనే ఉంటుంది!

స్నేహితుడి డబ్బు అప్పుగా వద్దు. గేమ్ సంపాదిస్తే అందులో ఇంత శాతం, ఫలానా మొత్తం దాకా, సంపాదించకపోతే ఏమీ లేదు అని రాసుకోండి. దానికి అతను ఒప్పుకోకపోతే అతనికీ ఇది పోగొట్టుకోగల డబ్బు కాదన్నమాట, తీసుకోకండి.

నెలాఖరులోగా ఆ పబ్లిషర్‌కి రెండు ప్రశ్నలు మెయిల్ చేయండి. అడ్వాన్స్ ఎవరి వాటాలోంచి రాబట్టుకుంటారు? పెద్దావిడ గేమ్ హక్కులు ఈ ఒప్పందం బయటే ఉంటాయా? జవాబులు నాకూ పంపండి. ఈలోగా మీరూ మీ భార్యా కూర్చుని, ఏ తేదీకి పొదుపు 9 నెలలకి దిగితే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలో క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ తేదీ ఆవిడ చేతిరాతలో ఉంటే మంచిది.