గొర్రె ఉన్ని కరిగింది, కానీ కెరాటిన్ ఫిల్మ్ ఎందుకు నిలవడం లేదు?

సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే ఉన్ని రాత్రికి రాత్రే కరిగిందని, గాయాల మీద వేసేందుకు ఆ ద్రావణాన్ని ఆరబెట్టి చేసిన ఫిల్మ్ (పల్చటి పొర) మాత్రం వేలు తగిలితే పొడైపోతోందని రాశారు. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. మెదక్ వైపు కురుమల దగ్గర తెచ్చిన దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని రెండు కిలోలు అలా పాడుచేశాను.

ఉన్ని కరగడం వేరు, అందులోని ప్రోటీన్ అయిన కెరాటిన్ చేతికి రావడం వేరు. ఉన్నికి గట్టిదనం ఇచ్చేవి ప్రోటీన్ గొలుసుల మధ్య గంధకం కట్టే డైసల్ఫైడ్ బంధాలు. తెంచాల్సింది వాటినే. వేడి క్షారం ప్రోటీన్ గొలుసును కూడా ముక్కలు చేసేస్తుంది. మీకు కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే ఉంటుంది, అది గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా పోవడం. ఒకసారి ప్రోటీన్లను సైజును బట్టి వేరుచేసి చూపే ఎస్‌డీఎస్ జెల్ నడపండి. గొలుసులు తెగకుండా ఉంటే 40 నుంచి 60 కిలోడాల్టన్ల (అణుభారం కొలత) మధ్య పట్టీలు రావాలి. నాకైతే పొట్టి ముక్కలు చేరే జెల్ అడుగున ఒక మసక మరక తప్ప ఏమీ రాలేదు. అంత పొట్టి ముక్కలతో ఫిల్మ్ కట్టదు.

తర్వాత షిందాయ్ పద్ధతికి మారాను. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో తల వెంట్రుకల కోసం ప్రచురించిన పద్ధతి ఇది. 5 మోలార్ యూరియా, 2.6 మోలార్ థయోయూరియా, 5 శాతం మెర్కాప్టోఇథనాల్, పీహెచ్ 8.5, 50 డిగ్రీల దగ్గర ఒకటి నుంచి మూడు రోజులు. ఇందులో మెర్కాప్టోఇథనాల్ డైసల్ఫైడ్ బంధాలను మాత్రమే తెంచుతుంది, గొలుసులు తెగకుండా వస్తాయి. అయితే అది విషం, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) బయట మూత తీయకండి.

ఉన్ని శుభ్రంగా లేకపోతే ఇదంతా వృథా. పల్లేరుకాయలు చేత్తో ఏరి, సబ్బునీళ్లతో కడిగి, పెట్రోలియం ఈథర్‌తో సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మళ్లీ మళ్లీ పోసే గాజు పరికరం) జిడ్డు తీయాలి.

అసలు ఓపిక డయాలిసిస్‌లో, అంటే ద్రావణాన్ని సన్న రంధ్రాల పొర ట్యూబులో పోసి నీళ్లలో ఉంచి రసాయనాలను బయటికి పంపే దశలో కావాలి. నేను రెండు రోజులకే ఆపేసి ఫిల్మ్ పోశాను. దాని మీద వేసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు (గాయం మాన్పడంలో పాల్గొనే చర్మ కణాలు) మర్నాటికి అన్నీ చచ్చి తేలాయి. కెరాటిన్ పనికిరాదేమోనని వారం రోజులు బెంగపడ్డాను. తీరా చూస్తే అది ట్యూబులో మిగిలిపోయిన మెర్కాప్టోఇథనాల్ పని. మళ్లీ ఐదు రోజులు, రోజుకు మూడుసార్లు నీళ్లు మార్చి చేస్తే కణాలు చక్కగా అతుక్కున్నాయి. ఎల్మన్ పరీక్షతో నీళ్లలో థయోల్ (మెర్కాప్టోఇథనాల్‌లో ఉండే గంధకపు గుంపు) లేదని తేలాకే ఆపండి. చివర్లో ద్రావణం కాస్త చిక్కబడితే భయపడకండి, డైసల్ఫైడ్ బంధాలు మళ్లీ కట్టుకుంటున్నాయి. ఫిల్మ్‌కు బలం వచ్చేది అక్కడే.

పెరాసిటిక్ ఆమ్లం వాడమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. దానితో వచ్చే కెరటోస్‌లో (ఆక్సీకరణ చెందిన కెరాటిన్) ఆ బంధాలు తిరిగి ఏర్పడవు, ఒంట్లో త్వరగా కరిగిపోతుంది. మందును త్వరగా వదిలే జెల్ కావాలంటే అది మంచిదే, మీ ఫిల్మ్‌కు మాత్రం వద్దు. శుద్ధ కెరాటిన్ ఫిల్మ్ ఎలాగూ పెళుసుగానే ఉంటుంది, కొద్దిగా గ్లిజరిన్ కలపండి.

న్యూజిలాండ్ ఉన్ని కెరాటిన్‌తో గాయాల జెల్‌లు ఇప్పటికే మార్కెట్లోకి వచ్చాయి. గొంగళ్లకు గిరాకీ తగ్గి మన దక్కనీ ఉన్ని అడిగేవాడు లేక పడి ఉంటోంది, అందుకే మీరు దీన్ని మధ్యలో వదిలేయకూడదని నా కోరిక. ముందు మీ ఎస్‌డీఎస్ జెల్ ఫొటో పెట్టండి, ఏ పట్టీ ఏమిటో కలిసి చూద్దాం.