మే నెలాఖరులో 436, 20 రూపాయలు ఎందుకు కట్ అయ్యాయంటే

మీ నాన్నగారి పాస్‌బుక్‌లో మే చివర్న 436, 20, ఆ తర్వాత 17.70 రూపాయలు కట్ అయ్యాయని, ఎవరైనా మోసం చేశారేమోనని భయపడుతూ రాశారు కదండీ. కంగారు పడకండి. మొదటి రెండూ బీమా ప్రీమియంలే అయ్యుంటాయి. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతిది, 20 సురక్షా బీమాది. కవరేజీ ఏటా జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే చివర్లోనే ఆటో డెబిట్ అవుతుంది. 2022 జూన్‌కు ముందు ఇవి 330, 12 ఉండేవి. పాత పాస్‌బుక్‌లో ఆ అంకెలుంటే నాన్నగారు ఎప్పటినుంచో కడుతున్నట్టే.

తాను సంతకమే పెట్టలేదని ఆయన అంటే, బ్రాంచికి వెళ్లి సమ్మతి పత్రం చూపించమని గట్టిగా అడగండి. వద్దనుకుంటే ఆపేయమని కాగితం మీద రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కానీ ఆపేముందు ఒక్కసారి ఆలోచించండి. జీవన్ జ్యోతిలో ఏ కారణంతో మరణించినా ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి, అయితే 55 ఏళ్ల వరకే. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో తప్పకుండా చూడండి. బీమా ఉన్న సంగతి అమ్మగారికి కూడా చెప్పి ఉంచండి.

ఇక 17.70 బహుశా ఎస్సెమ్మెస్ చార్జీ, 15 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ. ఇలాంటి పైసల అంకె కనిపిస్తే 1.18తో భాగించి చూడండి, అసలు చార్జీ తేలిపోతుంది.