అద్దెకిచ్చే పోర్షన్‌కి పొగ అలారం పెట్టాలా?

ప్రశ్న: విజయనగరం తోటపాలెంలో మాకు మేడ ఉంది. కింద మేముంటాం, పైది అద్దెకిస్తాం. ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ‘ఇక్కడ పొగ అలారం లేని ఇల్లు అద్దెకివ్వకూడదు, మనమూ పెడదాం నాన్నా’ అంటున్నాడు. మన దగ్గరా ఆ రూలుందా? పెడితే వంటింట్లోనేనా?
— ఒక పాఠకుడు

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనండి. అక్కడ 2015 అక్టోబరు నుంచి, మనుషులు కాపురముండే ప్రతి అంతస్తులో కనీసం ఒక పొగ అలారం ఓనరే పెట్టించాలి. అద్దెవాళ్లు దిగిన రోజున అది మోగుతోందో లేదో చూడాల్సిందీ ఆయనే. పాడైందని చెబితే బాగుచేయించడం, మార్చడం కూడా 2022 నుంచి ఆయన మెడకే చుట్టారు. నోటీసిచ్చినా కదలకపోతే 5,000 పౌండ్ల దాకా జరిమానా.

మన దగ్గర మీలాంటి మేడకు ఆ నిర్బంధం లేదు. రూల్లేదు కదా అని ఊరుకోమని మాత్రం చెప్పను. వైరింగ్ పనుల మీద నేనెక్కిన మేడల్లో చాలావాటికి మెట్లదారి ఒక్కటే. ఆ మెట్ల కిందే ఇన్వర్టర్ బ్యాటరీ, పక్కనే ఛార్జింగ్‌లో బండి! అక్కడ అంటుకుంటే పైవాళ్లు దిగేదెలా? అందుకే మెట్ల దగ్గర ఒకటి, పైన పడగ్గదుల తలుపుల ముందు ఒకటి సీలింగుకి బిగించండి. గోడకీ లైటుకీ అడుగు దూరం ఉండాలి. ఫ్యాను గాలి తగలకూడదు.

వంటింట్లో వద్దే వద్దు. ఎండుమిర్చి పోపు వేసినప్పుడల్లా గోల పెడుతుంది. వారం తిరక్కుండా బ్యాటరీ పీకి గూట్లో పడేస్తారు. అగరొత్తులు, దోమల చక్రం వెలిగించే చోటుకీ దూరంగానే ఉంచండి. ఆప్టికల్ రకం అడిగి కొనండి. పరుపులాంటివి మంట రాకముందు చాలాసేపు పొగలోనే మగ్గుతాయి, ఆ పొగను ఇది త్వరగా పసిగడుతుంది. కరెంటు ఉంటేనే పనిచేసేది తీసుకోకండి. 2014 హుద్‌హుద్ తుపానుకి మన జిల్లా అంతా ఎలా చీకట్లో ఉందో మీరూ చూశారుగా, కొవ్వొత్తులు వెలిగించుకునే రాత్రే దీని అవసరం ఎక్కువ.

గ్యాస్ లీకయితే ఇది మోగదు. దానికి డిటెక్టర్ వేరే. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి.

తాళాలిచ్చే రోజు టెస్ట్ బటన్ వాళ్ల ముందే నొక్కి మోగించండి. తర్వాత నెలనెలా నొక్కి చూడడం, బ్యాటరీ కొనడం ఎవరి పనో అగ్రిమెంటులో ఒక్క లైను రాయిస్తే మాటామాటా రాదు. పదేళ్లయ్యాక బ్యాటరీతో సరిపోదు, అలారమే మార్చాలి.