మధుకు: అందరూ ఎక్కినాకే ఆ కారు గురించి రాయి

చిరంజీవి మధుకు,

కడప నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

నీకు బీఎండబ్ల్యూ ఎం340ఐ నాలుగు రోజులు చేతికిస్తాండారని, ఇంటిల్లిపాదీ రోజూ తిరగడానికి అది పనికొస్తాదా రాదా అని నువ్వు రాయబోతాండావని మీ యమ్మ ఫోన్‌లో చెప్పింది. శానా సంతోషమైంది. మన ఇంటి పిల్లోడు రాసింది చదివి ఎవరో డెబ్బై లక్షలకు పైబడిన బండి కొనాలా వద్దా అని తేల్చుకుంటారంటే అది చిన్న సంగతి కాదు. సంతోషం వెనకాలే భయమూ పట్టుకుంది. 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), సున్నా నుంచి నూరుకు 4.4 సెకన్లు. ఆ అంకెలు చూసి నువ్వు హైవే ఎక్కి ఏం చేస్తావో అని నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ముందు ఆ మాట. 4.4 సెకన్లనేది కంపెనీ తేల్చిన లెక్క. దాన్ని జనం తిరిగే రోడ్డు మీద మళ్ళీ తేల్చే పని నీది కాదు. ఇంటి బండికి కావాల్సింది వేరే. రాళ్ళ లారీని దాటేటప్పుడు 40 నుంచి 80కి, 60 నుంచి 100కి ఎంత నిబ్బరంగా అందుకుంటాది, కాలు నొక్కినాక గేరు దిగడానికి ఎంత ఆలస్యం చేస్తాది, స్పోర్ట్ మోడ్ (బండిని దూకుడుగా పోనిచ్చే అమరిక) పెట్టకుండానే అది చాలుతాదా. ఇవి రాయి. నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద కారుకు గరిష్ఠ వేగం గంటకు 100. ఆ వేగంలో సెకనుకు 28 మీటర్లు పోతావు. అడ్డం కనపడినాక కాలు బ్రేకు మీదికి వచ్చేలోపే ఆ 28 మీటర్లు అయిపోతాయి. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే అక్కడి నుంచి ఆగడానికి ఇంకో 40 మీటర్లు. వేగం 140 అయితే ఆ 40 కాస్తా 80 దాకా పోతాది. ఎందుకంటే ఆగే దూరం వేగం పెరిగినంత మాత్రమే పెరగదు, దాని వర్గంతో పెరుగుతాది. డోన్ నుంచి గుత్తి దాకా సందెవేళ ఎట్లుంటాదో నీకు తెలుసు. రిఫ్లెక్టర్ లేకుండా పక్కన నిలిపిన లారీ, లైటు లేకుండా ఎదురొచ్చే ట్రాక్టరు, ఇంటికి మళ్ళే గొర్రెల మంద. ఎంత ఖరీదైన బండికైనా వీటి ముందర ఆగే దూరం కావాల్సిందే. చీకటి పడినాక దాన్ని పరీక్షకు తీయొద్దు నాయనా. హెడ్‌లైట్లు చూడాలంటే ఊరి బయట 60లో పోయి చూడు, చాలు.

బండి తీసుకునేటప్పుడు కాగితాలు, ఇన్సూరెన్సు, ఉన్న గీతలు ఫొటో తీసుకో. నాలుగు టైర్ల తయారీ వారం, సంవత్సరం పక్కగోడ మీద చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

ఇంగ అసలు సంగతి. పోయినసారి ఒక సెడాన్ గురించి రాసినప్పుడు చేసిన పొరపాటు ఈసారి చేయొద్దు. "స్పీడ్ బ్రేకర్ల మీద ఎక్కడా తగలలేదు" అని రాసినావు. నిజమే, తగల్లేదు. ఎందుకంటే బండిలో నువ్వొక్కడివే ఉన్నావు. ఆ మాట నమ్మి ప్రొద్దుటూరులో మీ యన్న అదే బండి కొన్నాడు. మొదటిసారి ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాన్లు పెట్టుకొని ఒంటిమిట్టకు పోయేటప్పుడు ఒక పల్లె బ్రేకర్ మీద అడుగు రాసుకుంది. అడుగున ఉండే ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులు రెండు ఊడినాయి. అది అప్పుడు కనపడలేదు. తర్వాత వేగంలో గాలికి ఆ తొడుగు వంగి రోడ్డుకు ఈడ్చుకుంటా వచ్చింది. ఇంకొంచెం ఎత్తు బ్రేకరయి ఉంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికే, అదే ఆయిల్ సంప్‌కే తగిలేది. అప్పుడు ఆయిలంతా కారిపోయి, ఆ ఎర్ర లైటు చూసుకోకుండా పోతే ఇంజినే పట్టేసేది.

నువ్వు అబద్ధం రాయలేదు, సగమే రాసినావు. మనిషి ఒక్కడుంటే 70 కిలోలు. ఐదుగురు పెద్దవాళ్ళు 350, సామాను ఇంకో 50. నాలుగు వందల కిలోలు పడితే స్ప్రింగులు కిందికి దిగుతాయి. దిగేది నాలుగు మూలలా సమానంగా కాదు. వెనక కూర్చున్న ముగ్గురూ వెనక ఇరుసు దగ్గరే ఉంటారు, డిక్కీ సామాను ఇరుసుకు వెనకాల పడతాది. అందుకే వెనక భాగం ఎక్కువ కుంగుతాది, నడుమూ దానితో పాటు దిగుతాది. కాగితం మీది గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకూ నేలకూ నడుమ ఉండే ఎత్తు) అంకె ఖాళీ బండిదా, బరువుతో కొలిచిందా అని రాతపూర్వకంగా అడుగు. ఏ జవాబు వచ్చినా నువ్వు కొలువు.

కొలిచేది ఇట్ల. పెట్రోల్ బంకులో కాంక్రీటు పరిచిన చదును నేల చూసుకో. చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా ఖాళీగా ఒకసారి, మనుషులు ఎక్కినాక ఇంకోసారి కొలువు. ఆ తేడానే బండి కుంగిన కొలత. తలుపుల కింద జాకీ పెట్టే చోటు నుంచి నేలకు కూడా రెండుసార్లు కొలువు. టార్చి వేసి అడుగున అన్నిటికన్నా కిందికి దిగిన భాగం ఏదో చూసి, ఫొటో తీసి పెట్టు. ఆ తర్వాత నువ్వు దాటే బ్రేకర్ ఎత్తు కొలువు. దానికి అడ్డంగా చక్కబద్ద పెట్టి నేలకు టేపు దించితే అయిపోతాది.

ఒక లెక్క బాగా గుర్తుపెట్టుకో, దీన్ని ఎవరూ రాయరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి లెక్కేసింది. నీ బండి వీల్‌బేస్, అంటే ముందు చక్రాల నడిమి నుంచి వెనక చక్రాల నడిమికి దూరం, 2,851 మిల్లీమీటర్లు. అంటే ముందు చక్రాలు, వెనక చక్రాలు రెండూ ఆ మూపురం మీదనే ఉంటాయి. చక్రాలూ దాంతోపాటే పైకి లేస్తాయి కాబట్టి నడుమ దగ్గర నీ క్లియరెన్స్‌లోంచి మూపురం తినేది 6 సెంటీమీటర్లే. అదే ఊళ్ళో సొంతంగా పోసుకున్న సన్న బ్రేకర్ అయితే ముందు చక్రాలు దిగిపోయి, వెనకవి ఇంకా ఎక్కక, రెండూ చదును నేల మీద ఉన్నప్పుడు బ్రేకర్ సరిగ్గా కడుపు కింద ఉంటాది. దాని ఎత్తు 15 సెంటీమీటర్లు అయితే పదిహేనూ నీ క్లియరెన్స్‌లోంచే పోతాయి. అందుకే "బ్రేకర్లు దాటింది" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఎంతమంది, ఎంత వేగం, ఈ నాలుగూ పక్కపక్కన రాయి. బ్రేకు నొక్కి పట్టుకొని ఎక్కితే ముక్కు ఇంకా కిందికి వంగుతాది. బ్రేకర్‌కు ముందే వేగం తగ్గించి, ఎక్కేలోపు కాలు తీసేయాల. తప్పదనుకుంటే కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేటట్టు పోనీ.

మీ యన్న ఆ సంగతి గురించి నిన్ను ఒక్క మాట అనలేదు, అనడు కూడా. నీకు బాధ కలగాలని నేనూ రాయలేదు. నీ రాతను నమ్మే మనుషులు ఉన్నారు, అందుకే ఇంత చెప్తాండా.

టైర్ల దగ్గర కూడా లెక్కే. పక్కగోడ మీద 225/45 ఆర్18 అని ఉంటే రబ్బరు గోడ ఎత్తు టైరు వెడల్పు 225లో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. మామూలు కారుకు 195/65 ఆర్15 ఉంటే 127. గుంతకూ రిమ్ముకూ నడుమ ఉండే మెత్త ఒక అంగుళం తక్కువన్నమాట. 19 అంగుళాల చక్రం, 45 బదులు 40 శాతం అయితే 90కి దిగుతాది. గుంతలో గట్టిగా పడితే గోడ లోపలి దారాలు తెగి బుడ్డ లేస్తాది. దానికి ప్యాచీ లేదు, టైరు మార్చాల్సిందే. రన్‌ఫ్లాట్ టైర్లయితే పంక్చరు పడినాక కూడా 80 వేగంలో 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు, కాని గోడ గట్టిగా ఉండడంతో చిన్న రాయి కూడా సీటులోకి తెలుస్తాది. ఏ రకమో రాయి. స్టెప్నీ ఉందా, ఉంటే డిక్కీలో ఎంత చోటు మింగింది, అది కూడా. డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో గాలికి రెండు వరసలు ఉంటాయి, తక్కువ మందికి ఒకటి, నిండు బరువుకు ఒకటి. తెల్లవారి టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పట్టించు. ఇది చేయకుండా రైడ్ గురించి, అంటే కుదుపులు ఎంత తెలుస్తాయనే దాని గురించి తీర్పు రాయొద్దు.

రైడ్‌ను వెనక సీటులో కూర్చొని చూడు. ఎవరికైనా స్టీరింగ్ ఇచ్చి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి దాకా పోయి రా. చిన్నప్పుడు నీకు ఆ మలుపుల్లో ఎప్పుడూ కడుపులో తిప్పేది. మీ యమ్మ కొంగులో నిమ్మకాయ లేకుండా బయలుదేరేది కాదు. అప్పటి అంబాసిడర్లు మలుపులో ఒరిగేవి. ఇది ఒరగదు. అయినా యాక్సిలరేటర్ కొంచెం తాకితే ముందుకు దూకి, వదిలితే వెనక్కి పట్టే బండిలో వెనక కూర్చున్నోళ్ళ తల ఊగుతాది. కంఫర్ట్ మోడ్‌లో ఒకసారి, స్పోర్ట్‌లో ఒకసారి అదే దారిలో పోయి, వెనక కూర్చున్నోళ్ళను అడిగి రాయి.

మీ అవ్వను ఎక్కించు. ఆయమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఇంట్లో కుర్చీ నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉంటాది. ఈ బండి సీటు అంచు ఎంతుందో కొలువు. కుర్చీ కన్నా తక్కువుంటే కూర్చోవడం కాదు, లేవడం కష్టం. మొదట బండికి వీపు తిప్పి కూర్చొని తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవాల. పైకప్పు వెనక్కి వాలి ఉంటాది కాబట్టి తల తగలకుండా నీ చెయ్యి అడ్డం పెట్టు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగగలిగిందా లేదా అనేది నీ రాతలో ఉండాల. నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండి కాబట్టి వెనక నడిమి సీటు ముందర నేల మీద ఎత్తుగా గట్టు ఉంటాది. ఐదో మనిషి కాళ్ళు యాడ పెట్టుకుంటాడో చూడు.

పాప సీటు తీసుకొని రా. ఐసోఫిక్స్ కొక్కేలకు (పిల్లల సీటు బిగించడానికి వెనక సీటులో ఉండేవి) అందుతాదా, వెనక్కి తిరిగిన సీటు బిగిస్తే ముందు కూర్చున్న మనిషి మోకాళ్ళకు ఎంత చోటు మిగిలింది, కొలిచి రాయి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో అట్లాంటి సీటు ఎప్పుడూ బిగించొద్దు. డిక్కీకి లీటర్ల అంకె రాయొద్దు. స్ట్రోలరు, రెండు పెద్ద సూట్‌కేసులు, 25 కిలోల బియ్యం మూట పెట్టి ఏది పట్టిందో ఏది మిగిలిందో రాయి.

ఇప్పుడు మన ఎండ. మధ్యాహ్నం రెండు గంటలకు గంటసేపు ఎండలో నిలిపి, ఏసీ వేసి, వెనక గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టి నిమిషాల లెక్కన రాసుకో. సన్‌రూఫ్ తెర మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. నల్ల తోలు సీటు, సీటుబెల్టు ఇనుప కొక్కెం పాప తొడకు తగిలితే చర్మం కాలతాది. ముందు నీ చెయ్యి పెట్టి చూసినాకే కూర్చోబెట్టు. ఆ వేడికి టర్బో ఇంజిను (గాలిని నొక్కి లోపలికి పంపేది) కూడా లొంగుతాది. వేడి గాలి పలచన, పైగా సిలిండర్‌లో పెట్రోలు అదను తప్పి అంటుకోకుండా కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తాది. పొద్దున ఉన్న ఊపు మధ్యాహ్నం ఉండదు. రెండూ చూడు.

పెట్రోలు మూత లోపల ఏ ఆక్టేన్ (అదను తప్పి అంటుకోకుండా పెట్రోలు తట్టుకునే శక్తికి అంకె) కావాలో, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వాడొచ్చో లేదో రాసి ఉంటాది, ఫొటో తీయి. మైలేజీకి మీటరు చెప్పింది నమ్మొద్దు. నాజిల్ మొదటిసారి ఆగిన చోటే ఆపు. మూడు వందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అదే నాజిల్‌తో మళ్ళీ మొదటి ఆపు దాకా పోయించు. 312 కిలోమీటర్లకు 29.6 లీటర్లు పట్టిందనుకో, లీటరుకు 10.5. మీటరు ఎంత చూపించిందో పక్కన రాయి.

వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళలోకి, పారే వంకలోకి దించొద్దు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే, నీళ్ళు నొక్కుకోవు కాబట్టి ఇంజిన్ లోపల పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేకుంటే ఇన్సూరెన్సోళ్ళు మామూలుగా దానికి ఇవ్వరు. ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. ఈ బండిని కట్టి ఈడ్చకూడదు, నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్డే కావాల. జమ్మలమడుగులో ఆగిపోతే అది ఎన్ని గంటల్లో వస్తాదని సర్వీసోళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయి. మన జిల్లాలో కొనాలనుకునేవాడికి 4.4 సెకన్ల కన్నా ఇది ముఖ్యం.

శనివారం పొద్దున్నే బయలుదేరు, సందెకు ముందే కడప చేరాల. నంద్యాల దాటి మైదుకూరులో ఆగినప్పుడు ఫోన్ చేయి. మీ పెద్దమ్మ, అవ్వ, పాప, నేను సిద్ధంగా ఉంటాం. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. టేపు, చక్కబద్ద నా దగ్గర ఉండాయి, థర్మామీటర్ నువ్వు తీసుకొని రా.

ఇట్లు,
పెద్దనాయన