జాతరలో చూడు, ఇంటికెళ్లి కొను

బిలోలి

చిరంజీవి బిడ్డకు మీ పెద్దబాపు ఆశీస్సులు.

మన నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతర నుంచి ఈసారి కారవానీ కుక్కపిల్లను తెచ్చుకుంటానని ఫోన్‌లో చెప్పావు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం వేసింది, భయమూ వేసింది. ఫోన్‌లో అన్నీ చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. ధర్మాబాద్‌లో బస్సెక్కే ముందు ఒకసారి, అక్కడ కుక్కల దగ్గర నిలబడ్డప్పుడు ఇంకోసారి చదువు.

ముందు పేరు సంగతి. మనం కారవానీ అంటాం, కర్ణాటక వాళ్లు ముధోల్ కుక్క అంటారు. కుక్కల జాతులను నమోదు చేసే సంఘాల్లో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దీన్ని కారవాన్ హౌండ్ అని రాసుకుంటుంది, ఇండియన్ నేషనల్ కెన్నెల్ క్లబ్ ముధోల్ హౌండ్ అని రాసుకుంటుంది. కాగితం మీద ఏ పేరున్నా తికమక పడకు. వెనకటికి వర్తకుల బిడారుల వెంట ఈ దేశానికి వచ్చిందని పెద్దలు చెప్పేవారు. ముధోల్ సంస్థానం రాజు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని పోషించి, ఒక జతను ఇంగ్లండు రాజు ఐదో జార్జికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా బిళ్ల మీద కూడా వేశారు.

ఇక ఒడ్డూ పొడుగూ. మగది భుజం దగ్గర సుమారు 68 నుంచి 72 సెంటీమీటర్లు ఉంటుంది, ఆడది 64 నుంచి 68. తల సన్నగా పొడుగ్గా ఉండి, చెవుల మధ్య కొంచెం వెడల్పై, ముక్కు వైపు సన్నబడుతుంది. దవడలో మాత్రం బలం కనిపించాలి. చెవులు తలకు ఆనుకుని వేలాడాలి. కళ్లు పెద్దవి, కోలగా ఉంటాయి. మెడ పొడుగ్గా ఉన్నా కండ పట్టి ఉండాలి. రొమ్ము లోతుగా దిగాలి, కడుపు పైకి లాగినట్టుండాలి. నడుం దగ్గర చిన్న వంపు ఉంటుంది, దాన్ని గూని అనుకోకు, పరుగుకు అదే విల్లు. ముందుకాళ్లు నిటారుగా, తోక కిందికి దిగి చివర మెల్లగా వంగి ఉండాలి. రంగు గురించి అసలు పట్టించుకోకు. తెల్లది అదృష్టమని, నల్లది రోషమని చెప్పి ధర పెంచేవాళ్లు ఉంటారు. ఈ జాతిలో అన్ని రంగులూ సరైనవే. చెవులకూ తోకకూ పట్టులాంటి పొడుగు వెంట్రుకలుంటే అది పష్మీ, దీని చుట్టమే.

అయితే బిడ్డా, ఇదంతా పెరిగిన కుక్కలో కనిపించేది. నలభై రోజుల పిల్లలో ఏం కొలుస్తావు? పైగా పరుగు పెంచడానికి గ్రేహౌండ్ అనే విదేశీ పరుగుకుక్కతో దాటించి, ఆ పిల్లల్ని అసలు కారవానీ అని అమ్మేవాళ్లున్నారు. పిల్లను చూస్తే తెలియదు, తల్లిని చూడాలి. అందుకే జాతరలో కొనవద్దంటున్నాను. అక్కడ కుక్కల ప్రదర్శన జరుగుతుంది, పెరిగిన కుక్కల్ని నిదానంగా చూడు. నచ్చిన కుక్క యజమానితో మాట్లాడి, ఊరి పేరు రాసుకో. తర్వాత వాళ్లింటికి వెళ్లు. గుర్రాలు, మైకులు, వేలమంది జనం మధ్య వణికే పిల్ల గుణం ఎవరికీ అంతుపట్టదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే అంటుజబ్బు అంటుకోవడానికి కూడా అలాంటి చోటే అనువు.

ఇంటికెళ్లాక తల్లి కుక్కకు పదడుగుల దూరంలో నిలబడు. పిలవకు, చెయ్యి చాపకు. అది లేచి నిన్ను చూడాలి, దూరంగానే ఉండాలి. కాసేపటికి తనంతట తాను వచ్చి వాసన చూసి వెళ్లిపోతే మంచి గుణం. మంచం కింద దూరి వణికినా, మీదికి దూకినా ఆ ఇంటి పిల్ల వద్దు. పిల్లల దగ్గర ఒకసారి చప్పట్లు కొట్టు. అన్నీ ఉలిక్కిపడతాయి. ఏది వెనక్కి తిరిగి చూస్తుందో దాని మీద కన్నేసి ఉంచు. పరుగెత్తుకొచ్చి చేతులు నాకాలని మాత్రం ఆశపడకు. మీ పక్కింటి లాబ్రడార్ వేరు, ఇది వేరు. కొత్తవాళ్లు ముట్టుకుంటే దీనికి నచ్చదు. అది దాని స్వభావం, పొగరు కాదు.

నాకు నలభై ఏళ్లప్పుడు ఒక మగ కారవానీ ఉండేది. నువ్వు పుట్టకముందు. చేలో మేకపిల్ల పరుగెడుతుంటే తరిమి చంపింది. పరుగెత్తేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది, కట్టెయ్యనిది నా తప్పు. కానీ కోపంలో ముల్లుకర్రతో కొట్టాను. అది మొరగలేదు, కరవలేదు. ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. రోజూ నా వెంట చేనుకొచ్చేది, పది బారల వెనకే నడిచేది. నా చేతి ముద్ద మళ్లీ తినలేదు, మీ పెద్దమ్మ పెడితేనే తినేది. చివరి రోజు కూడా పక్కన కూర్చుంటే తల అటు తిప్పుకుంది. ఈ కుక్క మీద చెయ్యెత్తకు బిడ్డా. గొంతు పెంచినా చాలు, దానికి గుర్తుండిపోతుంది.

నీ సోయా చేనులో అడవిపందులు పడుతున్నాయని దీన్ని తెస్తుంటే మానుకో. చర్మం పలచన, పంది కోర తగిలితే చీరుకుపోతుంది. కుందేళ్ల మీదికి వదలమని స్నేహితులంటారు, వినకు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం.

పిల్లకు రెండు నెలలు నిండాకే తల్లి నుంచి వేరు చెయ్యి. టీకాలు మొదలుపెట్టారో లేదో అడుగు, మిగతావి నువ్వు వేయించు. మూడు నెలలకు రేబిస్ సూది. పాలూ జొన్నరొట్టే చాలనుకోకు, గుడ్డు, మాంసం పడాలి. పెరిగాక రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తాయి. చుట్టాలు తిండి పెట్టడం లేదా అంటారు, టెన్షన్ పడి ఎక్కువ పెట్టకు. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి చలికాలం గోనెపట్టా వెయ్యి. అదే కారణంగా కొన్ని మత్తుమందులు దీనికి పడవు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ఇది కారవానీ అని డాక్టరుకు ముందే చెప్పు. రోజంతా గొలుసుతో కట్టకు. పొద్దున్నే కంచె ఉన్న చోట పరుగెత్తనివ్వు, తిన్న వెంటనే మాత్రం వద్దు. రోడ్డు పక్కన తాడు విప్పకు. కన్ను దేని మీదైనా పడితే దానికి నీ పిలుపు వినపడదు.

జాతరకు నేనూ వస్తాను, నాందేడ్ బస్టాండ్‌లో కలుద్దాం. రానూపోనూ ఖర్చుకు సరిపడా పైసలే తెచ్చుకో. పిల్ల కోసం దాచిన డబ్బు ఇంట్లో మీ అమ్మ దగ్గర ఉంచి రా.

మీ పెద్దబాపు