అనిమే పడనివాళ్ళు జపాన్ పాప్ కల్చర్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందొక లైవ్ హౌస్‌కి వెళ్ళండి

"అనిమే నాకు పడదు. ఇప్పటి జపాన్ సంగీతం, ఆర్ట్, పాప్ కల్చర్ తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. టోక్యోలో ఉద్యోగం చేసుకుంటున్న గుంటూరుదాన్ని, నా మాట నమ్మండి. ప్లేలిస్టులూ మ్యూజియంలూ తర్వాత, ముందొక లైవ్ హౌస్‌కి, అంటే బ్యాండ్‌లు ఎదురుగా నిలబడి వాయించే చిన్న హాలుకి, వెళ్ళండి.

యూట్యూబ్ మీకు సిటీ పాప్ అని చూపించే జపాన్ పాటలు చాలావరకు 1970ల చివరివి, 80లవి. బాగుంటాయి, కాదనను. కానీ ఇళయరాజా పాటలు విని ఇప్పటి తెలుగు సినిమా సంగీతం తెలిసిపోయిందనుకున్నట్టు ఉంటుంది.

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ ఉంది. టాక్సీ రశీదులో ఒక్క యెన్ తేడా వచ్చినా ఫారం వెనక్కి పంపిస్తుంది. పంపేటప్పుడు మాత్రం తప్పంతా తనదే అయినట్టు నడుం వంచి మరీ క్షమించమంటుంది. ఆవిడ ఒకరోజు లిఫ్టు దగ్గర నా చేతిలో ఓ కాగితం పెట్టి, "వీలైతే రండి" అని గొణిగి వెళ్ళిపోయింది. పూల ప్రదర్శన కాబోలనుకున్నా. విప్పి చూస్తే షిమోకితాజావాలో బ్యాండ్ ప్రోగ్రాం, డ్రమ్స్ ఈవిడవే!

షిమోకితాజావా అంటే షిబుయాలో ఇనొకషిరా లైన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆగే మొదటి స్టేషన్. పాత బట్టల కొట్లు, చిన్న చిన్న నాటకశాలలు, కర్రీ రైస్ హోటళ్ళు, వాటి మధ్య నేల కిందకి దిగే మెట్లు. మెట్ల గోడలనిండా స్టిక్కర్లు. తలుపులు 6:30కి, పాట 7కి అని కాగితం మీద ఉంది. సరిగ్గా 7కే మొదలుపెట్టారు. ఇక్కడ మనవాళ్ళ ఉగాది వేడుక 5 గంటలకంటే 7కి మైకు టెస్టింగు, ఆపైన ముఖ్య అతిథి, గౌరవ అతిథి, వాళ్ళిద్దరికీ శాలువాలు. ఆ గోల ఎత్తితే ఇక తెమలదు, వదిలేయండి.

తలుపు దగ్గరి కుర్రాడు నా పేరు కూడా అడక్కుండా, "ఇవాళ ఏ బ్యాండ్ కోసం వచ్చారు?" అన్నాడు. వీడికెందుకు అనుకుంటూనే చెప్పాను. తన దగ్గరున్న కాగితంలో ఆ బ్యాండ్ పేరు పక్కన ఓ గీత గీశాడు. చిన్న లైవ్ హౌస్‌లు చాలావాటిలో 'నొరుమా' పద్ధతి ఉంటుంది. బ్యాండ్ ఇన్ని టికెట్లు అమ్మి తీరాలి, అమ్ముడుపోని వాటి డబ్బు వాళ్ళే కట్టుకోవాలి. అంతకు మించి జనం వస్తే వాళ్ళకీ కొంత వాటా వస్తుంది. నా వల్ల పడ్డ ఆ గీత మా అకౌంట్స్ ఆవిడ జేబులో పడ్డట్టే. టికెట్ కాక డ్రింక్‌కని ఇంకో 600 యెన్‌లు, తాగినా తాగకపోయినా ఇచ్చుకోవాల్సిందే. ఈ గదుల్లో చాలావాటికి లైసెన్సు హోటల్ కింద ఉంటుంది, అందుకని ఈ ఏర్పాటు. ప్లాస్టిక్ గ్లాసుడు ఊలాంగ్ టీకి 600 అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జనం నిండా యాభైమంది ఉండరు. ఒక బ్యాండ్ దిగగానే దాని అభిమానులు ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగి, తర్వాతి బ్యాండ్ వాళ్ళకి ముందు వరస వదిలేశారు. మావాళ్ళ వంతు వచ్చింది. ఆఫీసులో గొంతు పెగలని మనిషి చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, పళ్ళు బిగించి, ఆ డ్రమ్ములతో ఏదో పాత పగ ఉన్నట్టు కొట్టింది. దెబ్బ దెబ్బకీ నా గ్లాసులో ఐసు ముక్కలు కదిలాయి. పాడే అమ్మాయి గోడలు పగిలేలా అరిచి, పాట అవగానే మైకు రెండు చేతులా పట్టుకుని, వినీ వినపడనట్టు "వచ్చినందుకు చాలా థాంక్స్, చివర్లో మా టీషర్టులు ఉన్నాయి" అంది. అన్నట్టే అరగంట తిరిగేసరికి అందరూ ఒక మడత బల్ల వెనక నిలబడ్డారు. డ్రమ్మరు సీడీ అమ్మి, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి, వంగి ఇచ్చింది. నేనూ ఒకటి కొన్నా. ఇంట్లో సీడీ ప్లేయరు లేదు, అయినా కొన్నా.

జపాన్ పాప్ కల్చర్ మొత్తం ఆ మడత బల్ల మీదే పుడుతుందని నా గట్టి అభిప్రాయం. 1975లో 32 బృందాలతో మొదలైన కొమికెట్ అనే సొంత కామిక్స్ సంత ఇప్పుడు టోక్యో బిగ్ సైట్‌లో ఆగస్టులో, డిసెంబర్లో జాతరలా జరుగుతుంది. అక్కడా అంతే, పుస్తకం గీసినవాళ్ళే బల్ల వెనక కూర్చుని అమ్ముకుంటారు. హత్సునే మికు తెలుసుగా, ఆ నీలి జడల బొమ్మ? 2007లో సప్పొరోకి చెందిన క్రిప్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన గొంతు సాఫ్ట్‌వేర్ అది. పాడేవాళ్ళు దొరకని కుర్రాళ్ళు దాన్ని కొని, ఇంట్లోనే పాటలు కట్టి, నికోనికో వీడియో సైట్లో పెట్టేవారు. అలా 'హచి' అనే పేరుతో పెట్టినతనే ఇప్పుడు స్టేడియంలు నింపుతున్న గాయకుడు యోనెజు కెన్షి. యోఅసోబి అనే ఇద్దరి బృందంలో పాటలు కట్టే అయాసే కూడా ఆ బాపతే. పెద్ద కంపెనీలు వీళ్ళ దగ్గరికి చివర్లో వచ్చాయి. అందుకే కిందనుంచి మొదలుపెట్టమంటున్నా. ఆర్ట్ కూడా అంతే. గోడలనిండా వెలుతురు పూలు పూయించే డిజిటల్ ఆర్ట్ మ్యూజియంల్లో జనం సెల్ఫీల వరసలో నిలబడతారు. ఆ టికెట్ డబ్బుతో బిగ్ సైట్‌లోనే జరిగే డిజైన్ ఫెస్టా అనే ఆర్ట్ సంతకి వెళ్తే, బొమ్మ వేసిన మనిషితోనే మాట్లాడొచ్చు.

మా అకౌంట్స్ ఆవిడకి నేను తెలుగుదాన్నని తెలిశాక రశీదుల మీద కనికరమేమీ పెరగలేదు కానీ, "నాటు నాటు స్టెప్పు నేర్పిస్తారా" అని అడిగింది. ఆర్ఆర్ఆర్ ఇక్కడ 2022 అక్టోబర్లో విడుదలైంది. గట్టిగా అరవడానికి అనుమతి ఉండే ప్రత్యేక ఆటలకి టాంబొరిన్ పట్టుకుని వెళ్ళిందట. 2024లో తకరజుకా అనే నాటక సంస్థవాళ్ళు దాన్ని రంగస్థలం మీదకి తెచ్చారు. ఆ సంస్థలో నటులందరూ ఆడవాళ్ళే కాబట్టి భీమ్, రామరాజు ఇద్దరూ ఆడవాళ్ళే. అది టోక్యోకి వచ్చినప్పుడు మా వీధిలో తెలుగువాళ్ళని ఇల్లిల్లూ అడిగాను, వస్తారా అని. "సినిమా చూసేశాం కదండీ" అన్నారు. పైగా ఇక్కడ ఏమీ తోచదని ప్రతి శనివారం నాకే ఫోన్ చేస్తారు.