కవరు చింపకముందే: ఆస్కార్ జోస్యాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: ఆస్కార్ వేడుకకు వారం ముందే ‘ఇది ఫలానా వాళ్లదే’ అని కొందరు రాసేస్తారు, చాలావరకు అదే జరుగుతుంది కూడా. లోపల నుంచి ఎవరైనా లీక్ చేస్తున్నారా?

జవాబు: లేదండీ, ఆ రోజులు 1940తోనే పోయాయి. అప్పట్లో విజేతల జాబితాను ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ ముందే పత్రికలకు ఇచ్చేది, రాత్రి పదకొండు దాకా వేయకూడదని షరతు పెట్టి. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ టైమ్స్ సాయంత్రం ఎడిషన్‌లోనే వేసేసింది. వేడుకకు బయల్దేరిన వాళ్లు దారిలోనే చదివేసుకున్నారు, ఇక హాల్లో సస్పెన్స్ ఏముంటుంది? దెబ్బకు మరుసటి ఏడాది నుంచి సీలేసిన కవర్లు వచ్చాయి. ఇప్పుడు ముందుగా తెలిసేది ఓట్లు లెక్కపెట్టే ఆడిట్ సంస్థలో కొద్దిమందికే.

మరి ఎలా చెప్పగలుగుతున్నారంటే, ఓటేసేవాళ్లలో చాలామంది అప్పటికే ఇంకోచోట ఓటేసి ఉంటారు. డైరెక్టర్లకు, నిర్మాతలకు, నటులకు విడివిడిగా గిల్డ్‌లు, అంటే వృత్తి సంఘాలు, ఉన్నాయి, వాటి అవార్డులన్నీ ఆస్కార్‌కు ముందే వస్తాయి. ఆ గిల్డ్‌ల సభ్యుల్లో కొందరు అకాడమీలోనూ సభ్యులే. డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు ఒకరికి, ఉత్తమ దర్శకుడి ఆస్కార్ మరొకరికి పోవడమనేది ఏడు దశాబ్దాలు దాటిన చరిత్రలో, 2025 వేడుక వరకు లెక్కేస్తే, ఎనిమిదిసార్లే జరిగింది. అందులోనూ మూడుసార్లు గిల్డ్ గెలిచినాయనకు అసలు ఆస్కార్ నామినేషనే లేదు, 2013లో బెన్ ఆఫ్లెక్ సంగతి అదే! కాబట్టి ఈ ఒక్క కేటగిరీలో మీ సొంత తెలివి పక్కనపెట్టి గిల్డ్ చెప్పినట్టు రాసుకోండి.

ప్రశ్న: గోల్డెన్ గ్లోబ్ వస్తే ఆస్కార్ వచ్చినట్టేనా?

జవాబు: కాదు. గ్లోబ్స్‌కు ఓటేసేది జర్నలిస్టులు, వాళ్లకు ఆస్కార్ ఓటు లేదు. గ్లోబ్ వల్ల ఊపు వస్తుంది, పేరు నానుతుంది, వేదిక మీద మంచి స్పీచ్ ఇస్తే ఇంకా మంచిది. అంతవరకే దాని విలువ.

ప్రశ్న: ఎక్కువ నామినేషన్లు వచ్చిన సినిమాకే ఉత్తమ చిత్రం అవార్డు వస్తుందని నేనెప్పుడూ రాస్తాను, ఎప్పుడూ తప్పుతుంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: మీరు ఓట్ల లెక్క ఎలా జరుగుతుందో చూడట్లేదు. తుది ఓటింగ్‌లో మిగతా కేటగిరీలన్నిటిలో ఒక్కరికే ఓటు, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే విజేత. ఉత్తమ చిత్రానికి మాత్రం 2010 వేడుక నుంచి పద్ధతి వేరు: సభ్యులు నామినేటైన సినిమాలకు ఒకటి, రెండు, మూడు అని వరుసగా ర్యాంకులు ఇవ్వాలి. ఏదో ఒకదానికి సగానికి పైగా మొదటి ర్యాంకులు వస్తే సరే. రాకపోతే అందరికంటే అడుగున ఉన్న సినిమాను తీసేసి, దానికి ఓటేసినవాళ్ల బ్యాలెట్లను వాళ్ల తర్వాతి ర్యాంకు సినిమాకు కలుపుతారు. ఒకటి సగం దాటేదాకా ఇలాగే నడుస్తుంది.

కాగితం, పెన్ను తీసుకోండి. వంద ఓట్లు, నాలుగు సినిమాలు అనుకుందాం. మొదటి ర్యాంకులు ‘అ’కు 36, ‘ఆ’కు 30, ‘ఇ’కి 20, ‘ఈ’కి 14. చూడగానే ‘అ’ గెలిచిందని పార్టీ చేసుకుంటారు. ఆగండి. ‘ఈ’ ఔటైంది, దాని 14 బ్యాలెట్లలో రెండో ర్యాంకు పది మంది ‘ఆ’కు ఇచ్చారు, ‘అ’కు ఇద్దరు, ‘ఇ’కి ఇద్దరు. ఇప్పుడు 38, 40, 22. తర్వాత ‘ఇ’ పోయింది, ఆ 22లో 14 ‘ఆ’కు వెళ్లాయి, 8 ‘అ’కు. ఆఖరికి ‘అ’ 46, ‘ఆ’ 54. కొందరు నెత్తిన పెట్టుకుని మరికొందరు మొహం తిప్పుకునే సినిమా ఈ లెక్కలో ఓడిపోతుంది. అందరూ ‘బాగుంది’ అని రెండో మూడో ర్యాంకు ఇచ్చే సినిమా నెమ్మదిగా పైకి తేలుతుంది.

2022లో ‘ద పవర్ ఆఫ్ ద డాగ్’కు పన్నెండు నామినేషన్లు. చివరికి చేతికొచ్చింది ఒక్కటే, ఉత్తమ దర్శకత్వం. ‘కోడా’కు ఉన్నవే మూడు నామినేషన్లు, అందులో దర్శకత్వానికి లేదు, ఎడిటింగ్‌కు లేదు, అయినా మూడింటికి మూడూ గెలిచి ఉత్తమ చిత్రం అయి కూర్చుంది. కళ్లు తెరిచి చూసినవాళ్లకు ఎనిమిది రోజుల ముందే కబురందింది: ప్రొడ్యూసర్స్ గిల్డ్ తన అవార్డు ‘కోడా’కే ఇచ్చింది. ఆ గిల్డ్ వాడేదీ ఇదే ర్యాంకుల పద్ధతి. నామినేషన్ల సంఖ్య కంటే ఈ గిల్డ్ మీద ఒక కన్నేసి ఉంచండి. గుడ్డిగా నమ్మమనడం లేదు, 2020లో అది ‘1917’ అంది, ఆస్కార్ మాత్రం ‘పారసైట్’కు వెళ్లింది.

ప్రశ్న: నటీనటుల విషయంలో మాత్రం అందరి అంచనాలూ తలకిందులవుతున్నాయి. ఎందుకని?

జవాబు: అందరివీ అనకండి, నాది కూడా అనండి. 2021లో ఉత్తమ నటుడి అవార్డు చాడ్విక్ బోస్‌మన్‌కే వస్తుందని నేను పదిమందితో పందెం కాశాను. అంతకు ముందు ఏడాది ఆగస్టులో చనిపోయాడు, చివరి సినిమాలో అద్భుతంగా చేశాడు, గ్లోబ్, విమర్శకులిచ్చే క్రిటిక్స్ ఛాయిస్, యాక్టర్స్ గిల్డ్ మూడూ వచ్చాయి. ఇంకేం కావాలి? వేడుక చేసేవాళ్లు కూడా నాలాగే అనుకున్నట్టున్నారు, ఎప్పుడూ చివర్లో ఇచ్చే ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి ఉత్తమ నటుడిని ఆఖర్న పెట్టారు. కవరు తీస్తే ఆంథోనీ హాప్కిన్స్! ఆయన హాల్లో లేరు, స్పీచ్ లేదు, కార్యక్రమం అక్కడికక్కడే ముగిసిపోయింది. టీవీ ముందు నేను రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆ రోజు నేను పట్టించుకోనిది బాఫ్టా. బ్రిటన్ అకాడమీ అవార్డు హాప్కిన్స్‌కు వచ్చింది. 2019లో ఉత్తమ నటి పోటీలో గ్లెన్ క్లోజ్‌కు గ్లోబ్, గిల్డ్ రెండూ ఉండగా బాఫ్టా వచ్చిన ఒలీవియా కోల్మన్ గెలిచింది. 2025లో డెమీ మూర్ విషయంలోనూ అచ్చం ఇదే సీను, బాఫ్టా మైకీ మ్యాడిసన్‌కు, ఆస్కార్ కూడా ఆమెకే. యాక్టర్స్ గిల్డ్‌లో లక్షకు పైగా ఓటర్లు, ఎక్కువమంది అమెరికాలోనే. అకాడమీ మాత్రం గత పదేళ్లలో బయటి దేశాల వాళ్లను పెద్ద సంఖ్యలో చేర్చుకుంది, వాళ్ల అభిరుచి బాఫ్టాకు దగ్గర అని నా లెక్క. గిల్డ్, బాఫ్టా చెరో దారి పట్టాయంటే ఇప్పుడు నేను కళ్లుమూసుకుని బాఫ్టా వైపు పోతున్నాను.

ప్రశ్న: స్టేజీ మీద డాన్స్ అదరగొట్టడం వల్లే ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిందని మా ఫ్రెండు వాదన. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండుకు చెప్పండి, ఆ డాన్స్ జరిగేసరికి ఓటింగ్ ముగిసి ఐదు రోజులైంది. 2023 మార్చి 12న వేడుక, 7న ఓట్లు క్లోజ్. కీరవాణి, చంద్రబోస్ పేర్లు అప్పటికే కవర్లో ఉన్నాయి. పోటీలో లేడీ గాగా, రిహానా ఉన్నా నేను వాళ్లకు భయపడలేదు. ఆ ఏడాది ఏడు ఆస్కార్లు ఊడ్చుకెళ్లిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ పాట కూడా పోటీలో ఉంది, ఆ ఊపులో ఇదీ లాక్కుపోతుందేమోనని కాస్త టెన్షన్ పడ్డ మాట నిజం. గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ రెండూ మన పాటకే రావడంతో టిక్ కొట్టేశాను.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ కేటగిరీల్లో ఏం రాయాలి? ఆ సినిమాలు నేను చూసే అవకాశమే లేదు.

జవాబు: చాలాకాలం ఓటేసేవాళ్లే చూడకుండా వేశారులెండి. 2026 వేడుక నుంచి ఒక కేటగిరీలో నామినేటైనవన్నీ చూస్తేనే అందులో తుది ఓటు వేయనిస్తామని అకాడమీ రూల్ పెట్టింది. పేరు చూసి వేసే ఓట్లు తగ్గాలి మరి, మన అంచనాలకు మాత్రం కష్టకాలమే.

ప్రశ్న: ఇంతకీ మీ రికార్డు ఎంత?

జవాబు: చెప్పుకునేంత లేదు. 2017లో ఉత్తమ చిత్రం ‘లా లా ల్యాండ్’ అని రాసుకున్నాను, డైరెక్టర్స్, ప్రొడ్యూసర్స్ గిల్డ్‌లు రెండూ అదే చెప్పాయి కదా. స్టేజీ మీద అదే పేరు చదివారు, సినిమా వాళ్లంతా పైకెక్కి థ్యాంక్స్ చెప్పడం కూడా మొదలుపెట్టారు, నేను కాగితం మీద టిక్ పెట్టేశాను. ఇంతలో తెలిసింది, చదివినవాళ్ల చేతికి ఉత్తమ నటి కవరు రెండో కాపీ ఇచ్చారని, అసలు విజేత ‘మూన్‌లైట్’ అని. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, టిక్ మీద అడ్డంగా గీతతో.